మొదటిసారి స్కైడైవింగ్: ఏ పద్ధతిలో, ఎంత ఎత్తు నుంచి, ఎక్కడ దూకాలి?

మొదటిసారి స్కైడైవింగ్ చేయాలనుకునే మనవాళ్లలో చాలామంది అన్నిటికన్నా ముందు ఊరును ఎంచుకుంటారు. పామ్ దీవి మీదుగా చేతులు చాచి నవ్వుతున్న స్నేహితుని ఫొటో చూసి దుబాయ్ అనుకుంటారు. టెక్సస్‌లో ఉద్యోగం చేస్తున్న తమ్ముడు రమ్మన్నాడని డల్లాస్ అనుకుంటారు. ఖర్చు లెక్క వేసుకున్నాక, మన దేశంలోనే ఎక్కడైనా ఉందేమోనని వెతికి హరియాణాలోని నార్నౌల్ దగ్గర ఆగుతారు. నిజానికి ఊరు చివర తేల్చుకోవలసిన సంగతి. ముందుగా తేలవలసింది ఏ పద్ధతిలో దూకాలన్నది, ఆ తరువాత ఎంత ఎత్తు నుంచి, ఎలాంటి విమానంలోంచి, ఎవరి చేతుల మీదుగా అన్నది. ఈ వరుసలో ఆలోచిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ మిగుల్చుకోవచ్చో కూడా తేటపడుతుంది.

టాండమ్, సొంత జంప్, స్టాటిక్ లైన్, విండ్ టన్నెల్

మొదటిసారి దూకేవారిలో అత్యధికులు ఎంచుకునేది టాండమ్. ఇందులో మీ వీపు ఇన్‌స్ట్రక్టర్ ఛాతీకి ఆనేలా ఇద్దరి హార్నెస్‌లనూ (ఒంటికి బిగించే పట్టీలను) భుజాల దగ్గర రెండు, నడుము దగ్గర రెండు కొక్కేలతో బిగిస్తారు. ప్రధాన పారాచూట్, అది సరిగా తెరుచుకోకపోతే వాడే రిజర్వ్ పారాచూట్, రెండూ ఇన్‌స్ట్రక్టర్ వీపు మీది సంచిలోనే ఉంటాయి. మీకు నేల మీద ఇచ్చే శిక్షణ ఇరవై ముప్పై నిమిషాలకు మించదు. అందులో నేర్పేవి ముఖ్యంగా రెండే. విమానం తలుపు దగ్గర తల వెనక్కి వాల్చి, నడుమును ముందుకు విల్లులా వంచి, కాళ్లను వెనక్కి ముడవడం ఒకటి. దిగేటప్పుడు మోకాళ్లను ఛాతీ వైపు ఎత్తి పట్టుకోవడం రెండోది. రెండోదాన్ని తేలికగా తీసుకోకూడదు. ఆ క్షణంలో కాళ్లు ఎత్తకుండా ముందుగానే నేలకు తన్నిపెట్టడం వల్లనే చీలమండలు బెణకడం, విరగడం వంటివి జరుగుతుంటాయి. కాబట్టి ఇంటి దగ్గర కుర్చీ అంచున కూర్చుని రెండు కాళ్లూ చాచి పైకి లేపి, పది సెకన్లు నిలపగలరేమో ముందుగానే చూసుకోవడం మంచిది.

విమానం నుంచి బయటపడిన కొన్ని క్షణాలకే ఇన్‌స్ట్రక్టర్ డ్రోగ్ అనే చిన్న పారాచూట్‌ను గాలిలోకి వదులుతారు. ఇద్దరి బరువుతో పడుతున్నప్పుడు వేగం గంటకు 270 కిలోమీటర్లను కూడా దాటిపోగలదు. దాన్ని ఒక్క మనిషి పడే వేగానికి, అంటే గంటకు సుమారు 190-200 కిలోమీటర్లకు అదుపు చేసేది ఈ డ్రోగే. దాదాపు 5,000 అడుగుల దగ్గర పెద్ద పారాచూట్ తెరుచుకుంటుంది, అక్కడి నుంచి నేలకు చేరడానికి అయిదు నుంచి ఏడు నిమిషాలు పడుతుంది. 1980ల తొలి ఏళ్లలో అమెరికాలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతి వల్లనే, ఏ శిక్షణా లేని మనిషి కూడా ఒక్క పూటలో పదివేల అడుగుల పైనుంచి దూకడం సాధ్యమైంది.

రెండో దారి సొంతంగా దూకడం. ఏఎఫ్ఎఫ్ అనే ఈ శిక్షణలో మొదటి జంప్‌కు ముందే ఆరు నుంచి ఎనిమిది గంటల తరగతి ఉంటుంది. పారాచూట్ మీ వీపు మీదే ఉంటుంది. ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చెరోవైపు మిమ్మల్ని పట్టుకుని మీతోపాటే దూకుతారు. మణికట్టుకున్న, ఎత్తు చూపే ఆల్టిమీటర్ చూసుకుంటూ, సుమారు 5,500 అడుగుల దగ్గర మీ చేత్తోనే మీరు పారాచూట్ తెరవాలి. ఆ తరువాత రేడియోలో వినిపించే మాటల సాయంతో మీరే నడిపించుకుంటూ దిగాలి. అమెరికా పారాచూట్ అసోసియేషన్ ఇచ్చే తొలి లైసెన్సుకు కనీసం 25 జంప్‌లు కావాలి, మొత్తం ఖర్చు కొన్ని వేల డాలర్లు అవుతుంది. ఒక్కసారి దూకి చూద్దామనుకునేవారు దీని జోలికి వెళ్లవలసిన పని లేదు. ఇది తన క్రీడ కాబోతోందని ముందే నిశ్చయించుకున్నవారికి మాత్రం టాండమ్ కన్నా ఇదే తిన్నని దారి. అయితే చాలా డ్రాప్‌జోన్లు, అంటే స్కైడైవింగ్ కేంద్రాలు, ముందుగా ఒక టాండమ్ చేసి రమ్మంటాయి. అలా అనడంలో తప్పు లేదు, పదమూడు వేల అడుగుల ఎత్తున తలుపు తెరుచుకున్నప్పుడు తన మెదడు పనిచేస్తుందో మొద్దుబారుతుందో అక్కడికి వెళ్లే వరకు ఎవరికీ తెలియదు.

స్టాటిక్ లైన్ పద్ధతి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మూడు నాలుగు వేల అడుగుల ఎత్తున, విమానానికి కట్టిన తాడు లాగడంతో దూకీ దూకగానే పారాచూట్ దానంతట అదే తెరుచుకుంటుంది. ఆగ్రాలో మన సైన్యపు పారాట్రూపర్లు తొలి పాఠాలు నేర్చుకునేదీ ఈ తరహాలోనే. ఇందులో ఫ్రీఫాల్, అంటే పారాచూట్ తెరుచుకోకముందు గాలిలో పడే సమయం, అనదగినది ఉండదు గనుక, ఆకాశంలోంచి పడుతున్న అనుభూతి కోసమే వెళ్లేవారికి ఇది నిరాశ మిగులుస్తుంది.

ఇక విండ్ టన్నెల్. హైదరాబాద్ శివార్లలోని గండిపేటలో గ్రావిటీజిప్ వచ్చాక, అసలు జంప్‌కు ముందు అక్కడికి వెళ్లి ధైర్యం పరీక్షించుకుంటామనేవారు ఎక్కువయ్యారు. గాజు గోడల గొట్టంలో కింది నుంచి పైకి బలమైన గాలి వీస్తుంది, మీరు దాని మీద బోర్లా తేలుతారు, పక్కనే ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని ఉంటారు. పారాచూట్ లేదు, ఎత్తు లేదు, వాతావరణం కుదరలేదనే బెంగ లేదు. ఒక్కో విడతలో గాలిలో ఉండేది నిమిషమో రెండు నిమిషాలో. పిల్లలకూ, విమానంలోంచి దూకడానికి ఆరోగ్యం సహకరించని కొందరు పెద్దలకూ ఇది మంచి ప్రత్యామ్నాయం. ముఖం మీదికి అంత గాలి కొడుతున్నప్పుడు ఊపిరి ఎలా తీసుకోవాలో, మెడ, నడుము ఎంతవరకు వంగుతాయో, భుజాలు ఏమంటాయో ఇక్కడ నిజంగానే తెలుస్తుంది. ఏఎఫ్ఎఫ్‌కు వెళ్లేవారికైతే ఇక్కడ గడిపిన ప్రతి నిమిషమూ లెక్కకు వస్తుంది. అయితే ఇది ధైర్యానికి పరీక్ష కాదు. స్కైడైవింగ్‌లో భయమంతా తలుపు దగ్గర ఉంటుంది, గాలిలో కాదు. విండ్ టన్నెల్‌లో ఆ తలుపే లేదు. అక్కడ హాయిగా తేలినవారు విమానంలో బిగుసుకుపోవచ్చు, అక్కడ తడబడినవారు విమానంలోంచి నవ్వుతూ దూకవచ్చు.

కడుపులో తిప్పినట్టవుతుందేమోనని భయపడి వెనుకాడేవారికి ఒక మాట. జాతరలో జెయింట్ వీల్ దిగేటప్పుడు కడుపు పైకి లేచినట్టుండే ఆ అనుభూతి, కదులుతున్న విమానంలోంచి దూకినప్పుడు దాదాపుగా ఉండదు. విమానం అప్పటికే వేగంగా ముందుకు పోతూ ఉండడం వల్ల బయటికి రాగానే గాలి ఒత్తిడి శరీరాన్ని పట్టుకుంటుంది. ఆ వేగం క్రమంగా కిందివైపు మళ్లుతుంది. నిలకడగా ఉన్న బెలూన్ నుంచో, హెలికాప్టర్ నుంచో దూకితే మాత్రం కడుపు పైకి లేచినట్టు తప్పక అనిపిస్తుంది, కనుక మొదటి జంప్‌కు వాటిని ఎంచుకోకపోవడమే మేలు. నిజంగా వికారం పుట్టేది పారాచూట్ తెరుచుకున్నాక గిరగిరా తిప్పే మలుపుల్లో. మలుపులు మెల్లగా తిప్పమని ఇన్‌స్ట్రక్టర్‌కు ముందే చెబితే చాలు, వారు తప్పకుండా వింటారు.

ఎత్తు, విమానం

ధరల పట్టికలో 10,000 అడుగులు, 13,000 అడుగులు అని రాసి ఉంటే మూడు వేల అడుగుల తేడా ఏపాటిదని అనిపిస్తుంది. కానీ పారాచూట్ రెండు సందర్భాల్లోనూ ఒకే ఎత్తున తెరుస్తారు కనుక, ఆ తేడా మొత్తం ఫ్రీఫాల్‌కే చేరుతుంది. పదివేల అడుగుల నుంచి దూకితే ఫ్రీఫాల్ ముప్పై అయిదు సెకన్లకు అటూ ఇటూగా ఉంటుంది, పదమూడు పద్నాలుగు వేల నుంచైతే దాదాపు నిమిషం. మొదటిసారి దూకేవారికి తొలి పది సెకన్లు ఏం జరుగుతోందో అర్థం కాకుండానే గడిచిపోతాయి. కళ్లు తెరిచి చూడడం, ఊపిరి సర్దుకోవడం, కింద పొలాల గళ్లు గుర్తుపట్టడం ఆ తరువాతే. అందుకే వీడియోకా, ఎత్తుకా ఎక్కువ డబ్బు పెట్టేది అనే ప్రశ్న వస్తే ఎత్తుకే పెట్టమంటాను. కొన్ని చోట్ల 18,000 అడుగుల జంప్ కూడా అమ్ముతారు. అక్కడ పైకి వెళ్లేటప్పుడు ఆక్సిజన్ పెట్టుకోవాలి, చలి గట్టిగా ఉంటుంది, మొదటిసారికి అంత అవసరం కనిపించదు.

విమానం గురించి ఎవరూ అడగరు, కానీ అడగాలి. సెస్నా 182 వంటి చిన్న విమానంలో పట్టేది నలుగురు, అంటే రెండు టాండమ్ జంటలు; సీట్లు తీసేసిన నేల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాలి, పదివేల అడుగులకు ఎక్కడానికి అరగంట దాకా పట్టవచ్చు. ట్విన్ ఆటర్ వంటి రెండు ఇంజన్ల విమానంలో ఇరవై మందికి పైగా పడతారు, పదిహేను నిమిషాల్లో పదమూడు వేల అడుగులకు చేరుస్తుంది. చిన్న విమానం ప్రమాదకరమని కాదు. ఆ అరగంట ఇరుకులో కూర్చుని ఆలోచిస్తూ ఉండడం కొందరి ధైర్యాన్ని కరిగిస్తుంది. మరికొందరికి ఆ నిదానమే మనసు కుదుటపడేలా చేస్తుంది. మీరు ఏ రకమో మీకే తెలియాలి.

ఎవరితో దూకాలి

భద్రత గురించి ముందుగా అంకెలు చూడాలి. అమెరికా పారాచూట్ అసోసియేషన్ లెక్క ప్రకారం 2023లో ఆ దేశంలో జరిగిన సుమారు 36.5 లక్షల జంప్‌లలో మరణించినవారు 10 మంది. చాలా ఏళ్లుగా ఈ ప్రమాదాల్లో పెద్ద వాటా అనుభవజ్ఞులదే. బాగానే తెరుచుకున్న పారాచూట్‌తోనే, నేలకు దగ్గరగా వేగంగా మలుపు తిప్పబోయి పోయినవారు అందులో ఎందరో ఉంటారు. టాండమ్‌లో విద్యార్థి మరణం దాదాపు అయిదు లక్షల జంప్‌లకు ఒకటిగా ఆ సంస్థ చెబుతుంది. అయితే ఇవి నియమాలు గట్టిగా అమలయ్యే చోటి అంకెలు. అమెరికా నియమాల ప్రకారం టాండమ్ ఇన్‌స్ట్రక్టర్‌కు కనీసం మూడేళ్ల అనుభవం, 500 జంప్‌లు ఉండాలి. రిజర్వ్ పారాచూట్‌ను గుర్తింపు పొందిన రిగ్గర్, అంటే పారాచూట్లు మడిచే నిపుణుడు, 180 రోజులకోసారి విప్పి, పరీక్షించి, తిరిగి మడవాలి. టాండమ్ సంచిలో ఏఏడీ తప్పనిసరి. ఈ ఏఏడీ అరచేతిలో ఇమిడే చిన్న యంత్రం. పారాచూట్ తెరవని స్థితిలో వేగంగా పడుతూనే సుమారు 1,900 అడుగులకు చేరితే, ఇన్‌స్ట్రక్టర్ స్పృహ తప్పి ఉన్నా సరే, అది రిజర్వ్ పారాచూట్‌ను తెరుస్తుంది.

కాబట్టి ఎక్కడికి వెళ్లినా అడగవలసిన ప్రశ్నలు ఇవే: ఇన్‌స్ట్రక్టర్ ఎన్ని జంప్‌లు చేశారు, టాండమ్ చేయించే అర్హత (రేటింగ్) ఏ సంస్థ ఇచ్చింది, రిజర్వ్ చివరిసారి ఎప్పుడు మడిచారు, ఏఏడీ ఉందా. రిజర్వ్ మడిచిన తేదీ, రిగ్గర్ సంతకం ఉన్న కార్డు ఆ పరికరంతోనే ఉంటుంది. చూపించమంటే మంచి డ్రాప్‌జోన్ వాళ్లు నొచ్చుకోరు, పైగా సంతోషంగా చూపిస్తారు. ప్రశ్న వినగానే చిరాకు పడే చోట, లేదా గాలి జోరుగా ఉన్నా ఏం ఫరవాలేదనే చోట ఎంత తక్కువకు వచ్చినా దూకకూడదు. గాలి బాగాలేదని మీ జంప్‌ను వాయిదా వేసిన నిర్వాహకులను చూసి విసుక్కోవద్దు, నమ్మదగినవారని చెప్పడానికి అంతకన్నా రుజువు దొరకదు.

మన దేశంలో 2022లో వచ్చిన జాతీయ వైమానిక క్రీడల విధానం ఈ రంగాన్ని ఒక చట్రంలోకి తెచ్చే ప్రయత్నం చేసింది, ఎయిర్ స్పోర్ట్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియాను అందుకు శిఖర సంస్థగా నిలిపింది. అయినా ఏడాదంతా నడిచే కేంద్రాలు ఇక్కడ చాలా తక్కువ కాబట్టి, అడిగి తెలుసుకునే బాధ్యత మన మీద కాస్త ఎక్కువే ఉంటుంది. ఇంకొక సంగతి: మధ్యవర్తి వెబ్‌సైట్లలో వోచర్లు కొనకుండా నేరుగా డ్రాప్‌జోన్‌లోనే బుక్ చేసుకోవాలి. వాతావరణం కుదరకపోతే చాలా చోట్ల డబ్బు వెనక్కి ఇవ్వరు, వేరే తేదీ ఇస్తారు. మధ్యలో మూడో మనిషి ఉంటే ఆ తేదీ కోసం ఇద్దరి చుట్టూ తిరగాలి.

మీ శరీరం ఏమంటుంది

టాండమ్‌కు సాధారణంగా బరువు పరిమితి 100 కిలోల దగ్గర ఉంటుంది. అమెరికాలో చాలా చోట్ల 90 కిలోలు దాటితే అదనపు రుసుము వేస్తారు, దుబాయ్‌లో బరువుతోపాటు ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో కూడా చూస్తారు. అక్కడే కాటా మీద నిలబెడతారు కనుక ఫారంలో రెండు కిలోలు తగ్గించి రాసి లాభం లేదు. అమెరికాలో పద్దెనిమిదేళ్లు నిండాలి. గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, మూర్ఛ, వెన్ను డిస్కు సమస్య, ఇటీవలి శస్త్రచికిత్స ఉన్నవారు డాక్టరును అడగకుండా బుక్ చేసుకోకూడదు, గర్భిణులు మానుకోవాలి. భుజం ఒకసారి జారినవారు విండ్ టన్నెల్‌కైనా సరే ముందే చెప్పాలి. చేతులు చాచిన భంగిమలో గాలి ఆ కీలు మీదే బలంగా తోస్తుంది.

జలుబు సంగతి మనవాళ్లు పట్టించుకోరు. ఈ విమానాల్లో ప్రయాణికుల విమానాల్లోలా క్యాబిన్ ఒత్తిడి సర్దరు. పదమూడు వేల అడుగుల నుంచి కొద్ది నిమిషాల్లో నేలకు దిగేటప్పుడు ముక్కు దిబ్బడ ఉంటే చెవులు, నుదురు భరించలేనంత నొప్పి పెడతాయి. అలాగే థాయ్‌లాండ్‌లోనో, దుబాయ్‌లోనో స్కూబా డైవింగ్ కూడా చేసే ఉద్దేశం ఉంటే ముందు స్కైడైవింగ్, తరువాత స్కూబా పెట్టుకోండి. తిరగేస్తే మధ్యలో కనీసం ఒక పూర్తి రోజు వదలాలి. నీటి అడుగున రక్తంలో కరిగిన నైట్రోజన్ ఎత్తుకు వెళ్లగానే బుడగలుగా మారే ప్రమాదం ఉంది.

దుస్తుల విషయం సులువే. లేసులు కట్టుకునే బూట్లు, కాళ్లకు అడ్డం రాని ప్యాంటు చాలు. ఉంగరాలు, బుట్టలు, గాజులు, గొలుసులు విప్పి ఉంచాలి. మంగళసూత్రం తీయడం ఇష్టం లేనివారు మెడవరకు మూసే బిగుతైన టీషర్టు లోపల వేసుకుని, ఆ సంగతి హార్నెస్ బిగించేవారికి చెప్పాలి. పొడవైన జడను చొక్కా లోపలికి దోపుకోకపోతే అది ఇన్‌స్ట్రక్టర్ ముఖానికి కొడుతూనే ఉంటుంది. కళ్లద్దాల మీదుగా పెట్టుకునే గాగుల్స్ ఇస్తారు. ఉపవాసంతో మాత్రం వెళ్లకండి. రెండు ఇడ్లీలు తిని వెళ్లినవారికన్నా ఖాళీ కడుపుతో వెళ్లినవారికే వికారం ఎక్కువ.

ఊరు ఎంచుకోవడం

ఇప్పుడు ఊరి మాట. నార్నౌల్ దగ్గర బాఛోద్ ఎయిర్‌స్ట్రిప్‌లో టాండమ్ సుమారు పదివేల అడుగుల నుంచి ఉంటుంది, ఖర్చు పాతిక వేల రూపాయల పైమాటే. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి విమానం, అక్కడి నుంచి రోడ్డు మీద మూడు గంటల పైచిలుకు ప్రయాణం. డిసెంబరు, జనవరిలో పొగమంచు, ఎండాకాలంలో దుమ్ము, ఆపై వానలు. ఫిబ్రవరి, మార్చి, అక్టోబరు, నవంబరు నెలలే నమ్మదగినవి. ఉజ్జయిని దగ్గర దతానా ఎయిర్‌స్ట్రిప్‌లో మధ్యప్రదేశ్ పర్యాటక శాఖ శీతాకాలంలో స్కైడైవింగ్ ఉత్సవం నిర్వహిస్తూ వస్తోంది. అది ఆ కొద్ది రోజులకే పరిమితం, కానీ ఇందౌర్ నుంచి గంటన్నర లోపు దూరం కావడంతో మహాకాళేశ్వరుని దర్శనంతో కలుపుకుని వెళ్లాలనుకునే కుటుంబాలకు బాగా కుదురుతుంది. ఒకరు దూకుతారు, మిగిలినవారు కింద నిలబడి దండాలు పెట్టుకుంటారు.

దుబాయ్‌లో టాండమ్ ధర రెండు వేల దిర్హాములు దాటుతుంది, మన డబ్బులో యాభై వేల పైనే. పదమూడు వేల అడుగులు, దాదాపు నిమిషం ఫ్రీఫాల్, కింద సముద్రం, పామ్ దీవి. దూకడం కోసమే టికెట్టు కొని వెళ్లడానికి ఇది ఖరీదైన సరదా, ఏదో పని మీద ఎలాగూ వెళుతుంటే మాత్రం దీన్ని వదులుకోవద్దనే చెబుతాను. శీతాకాలంలో తేదీలు త్వరగా నిండిపోతాయి, ముందుగా బుక్ చేసుకోవాలి. ఎడారి మీద దూకే డ్రాప్‌జోన్ కూడా ఉంది. ఫొటోలు అంత ఘనంగా రావు, జంప్ మాత్రం తక్కువేమీ కాదు.

అమెరికాలో ఉన్న తెలుగువారికి ఈ బాధలేవీ లేవు. టెక్సస్‌లో హ్యూస్టన్, డల్లాస్ చుట్టుపక్కల, ఇలినాయ్‌లో షికాగోకు కొంత దూరాన, కాలిఫోర్నియాలో పెరిస్ దగ్గర పెద్ద డ్రాప్‌జోన్లున్నాయి. రెండు వందల నుంచి మూడు వందల డాలర్లు, వీడియోకు ఇంకో వంద నుంచి నూట యాభై. అక్కడ మీరు సంతకం చేసే ఒప్పంద పత్రం పేజీల కొద్దీ ఉంటుంది, ఏం జరిగినా దావా వేయనని అందులో పదే పదే ఒప్పుకోవలసి వస్తుంది; సంస్థ పారాచూట్ అసోసియేషన్ సభ్యురాలో కాదో చూసుకోవడం మీ వంతు, ఎందుకంటే ఆ సభ్యత్వం స్వచ్ఛందం. తల్లిదండ్రులు వేసవిలో అమెరికా వచ్చినప్పుడు వారిని కూడా దూకించాలని ఉత్సాహపడేవారు ముందుగా వారి సందర్శకుల ఆరోగ్య బీమా పత్రం చదవాలి. సాహస క్రీడల్లో తగిలే గాయాలను చాలా పాలసీలు మినహాయిస్తాయి, అక్కడ కాలు విరిగితే అయ్యే ఖర్చు ముందు జంప్ ధర లెక్కలోకి కూడా రాదు. భారత్‌లోని జీవిత బీమాకు జోడించిన ప్రమాద రైడర్లలోనూ ఇలాంటి మినహాయింపులు సాధారణమే.

అందువల్ల హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటూ ఒక్కసారి చూద్దామనుకునేవారు ఫిబ్రవరిలో నార్నౌల్‌కు, లేదా ఉత్సవం జరుగుతుంటే ఉజ్జయినికి వెళ్లడం సబబు. ఏడాది రెండేళ్లలో దుబాయ్ లేదా అమెరికా ప్రయాణం ఖాయంగా ఉన్నవారు ఆగి, ఎక్కువ ఎత్తున్న అక్కడే దూకడం మంచిది. పదేళ్ల పిల్లవాడు అడుగుతుంటే గండిపేటకు తీసుకువెళ్లండి. ఎక్కడైనా సరే, ఉదయం తొలి విడత అడిగి తీసుకోవాలి, ఎందుకంటే ఎండెక్కేకొద్దీ గాలి పెరుగుతుంది. తిరుగు టికెట్టును మరునాటికి పెట్టుకుంటే వాయిదా పడ్డా ఇబ్బంది ఉండదు. ఫారంలో అత్యవసర సమయంలో పిలవవలసిన వ్యక్తి పేరు రాయాలి. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా దూకుదామనుకునేవారు కనీసం ఆ ఒక్కరికైనా ముందు రోజే ఫోన్ చేసి చెప్పి ఉంచాలి.